ఆరో పేజీ

ఆఫీసులో అందరూ ఆమెను ప్రూఫక్క అనేవాళ్ళు. అంతకుముందు పందొమ్మిదేళ్ళు ఒక అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాలు, టెలిఫోన్ పుస్తకాలు, మందు సీసాలకు అంటించే చీటీలు, ఏది ముందు పెట్టినా ఎర్ర కలం తీసేది. ప్రెస్సు మూతపడ్డాక నలభై రెండేళ్ళ వయసులో ఈ ఆఫీసులో చేరింది. కొత్తగా కట్టే భవనాలకు హరిత భవనమనే గుర్తింపు రావాలంటే బోలెడు కాగితాలు కావాలి. వాటిని పోగుచేసి, సరిచూసి, గుర్తింపు ఇచ్చే సంస్థకు పంపడమే ఇక్కడి పని.

ఆ పేరుకున్న రెండర్థాలూ ఆమెకు సరిగ్గా అతికాయి. చేతులు ప్రూఫులు దిద్దినవి, నోరు దేనికైనా ప్రూఫు అడిగేది. పాల ప్యాకెట్టు మీద తేదీ కొట్లో ఒకసారి, ఇంటికొచ్చాక ఇంకోసారి చూసుకునేది. భర్త లిఫ్టు మెకానిక్కు. "ఇవాళ ఒక లిఫ్టు మధ్యలో ఇరుక్కుంది, అందుకే ఆలస్యం" అని ఆయనంటే, "ఎన్నో అంతస్తుకీ ఎన్నో అంతస్తుకీ మధ్య?" అని అడిగేది.

"నేను నీకు మొగుణ్ణి కాదే, బోనెక్కిన సాక్షిని" అని ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఊరుకోనిది ఆయన చెల్లెలు. పదేళ్ళ కింద ఆ అమ్మాయికి సంబంధం కుదిరినప్పుడు, పెళ్ళికొడుకు డిగ్రీ సర్టిఫికెట్టు జిరాక్సులో సంవత్సరం దగ్గర చిన్న మరక కనిపించింది. ప్రూఫక్క ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి ఆ కాలేజీకి వెళ్ళి రిజిస్టరు తిరగేయించింది. సర్టిఫికెట్టు నిఖార్సైనదే, ఆ మరక టీ చుక్క. సంగతి బయటపడ్డాక పెళ్ళికొడుకు పడీపడీ నవ్వాడు. ఆడపడుచు మాత్రం నవ్వలేదు. అప్పటినుంచీ వదినామరదళ్ళ మధ్య మాటలున్నా, ప్రతి మాటకూ ఒక ముల్లుండేది.

అందరినీ జల్లెడ పట్టే ఈ మనిషి ఒక్కరినే జల్లెడ పట్టలేదు. ఆఫీసులో పక్క బల్ల మీద పనిచేసే పెద్దాయన, మాస్టారు. బడిలో పాఠాలు చెప్పిన మాస్టారేం కాదు. ఏ భవనం వల్ల ఎంత పొగ గాల్లోకి పోతుందో ఆ కర్బన లెక్కలు కట్టేవాడు, అడిగినవాళ్ళకు విసుక్కోకుండా చెప్పేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆమె చేరిన కొత్తలో ఏ కాగితం చూసినా అయోమయంగా ఉండేది. పక్కన కుర్చీ వేసుకుని ఆరు నెలలు ఓపిగ్గా నేర్పింది ఆయనే.

భవనానికి వాడే ప్రతి సరుకుకూ, సిమెంటైనా గాజైనా రంగైనా, తయారుచేసినవాళ్ళు పర్యావరణ ప్రకటన అనే పత్రం ఇవ్వచ్చు. రాయి తవ్విన దగ్గర్నుంచి సరుకు ఫ్యాక్టరీ గేటు దాటేదాకా ఎంత బొగ్గు కాలింది, ఎంత కరెంటు పట్టింది, ఎంత పొగ గాల్లోకి పోయింది, అన్నీ కొలిచి, బయటివాళ్ళచేత సరిచూపించి ప్రకటించే పత్రం అది. ఆఫీసులో సరదాగా దాన్ని జాతకం అనేవాళ్ళు. జాతకమున్న సరుకు వాడితే భవనానికి పాయింట్లొస్తాయి.

"ముందు అంకెలు చూడకమ్మా" అని మాస్టారు మొదటి రోజే చెప్పాడు. "ఎక్కడ అన్న మాట చూడు. ఒకే కంపెనీ రెండు చోట్ల ఒకే పలక చేస్తుంది. ఒకచోట నీటి కరెంటు, ఇంకోచోట బొగ్గు కరెంటు. పలకలు కవల పిల్లల్లా ఉంటాయి. పొగలు మాత్రం ఉత్తరం దక్షిణం. ఏ ఫ్యాక్టరీలకు, ఏ ప్రాంతానికి, ఎప్పటిదాకా చెల్లుతుందో పత్రంలోనే రాసుంటుంది. ఆ వాక్యం దొరికాకే మిగతాది చదువు."

ఆమె ఆ మాటను తొమ్మిదేళ్ళుగా పాటిస్తూ వచ్చింది.

ఆ ఏడు వాళ్ళ చేతిలో ఉన్న పెద్ద పని ఒక కంటి ఆసుపత్రి కొత్త భవనం. మొదటి శ్రేణి గుర్తింపు వస్తుందని ఆసుపత్రివాళ్ళు అప్పటికే అందరికీ చెప్పేసుకున్నారు. పాయింట్లు చూస్తే బొటాబొటీగా ఉన్నాయి. గోడల్లోకి వేడి చొరబడకుండా పెట్టే రాతి ఉన్ని పలకలకు జాతకం ఉంటే గట్టెక్కుతారు, లేకపోతే ఒక మెట్టు దిగాలి. ఆ పలకలు చేసే కంపెనీకి సముద్రానికి అవతల రెండు ఫ్యాక్టరీలు, ఇవతల ఈ ఊరి శివార్లలో ఒకటి. ఈ శివారు ఫ్యాక్టరీలోనే, అమ్మకాల విభాగంలో, ఆడపడుచు ఉద్యోగం.

ఒక మంగళవారం పలకల పత్రం ప్రూఫక్క బల్ల మీదికొచ్చింది. అలవాటు ప్రకారం 'ఎక్కడ' అన్న వాక్యం కోసం వెతికింది. ఐదో పేజీ చివర కనబడింది. "ఈ ప్రకటన ఈ కింద తెలిపిన కర్మాగారాలకు, ప్రాంతాలకు మాత్రమే" అని ఉంది. తర్వాతి పేజీ తిప్పితే నీటి వాడకం పట్టిక. వాక్యానికి తలా మొండెమూ ఉన్నాయి, కాళ్ళు లేవు.

కింద పేజీ అంకె చూద్దామంటే అంచులు తెగ్గోసినట్టున్నాయి, ఒక్క పేజీకీ అంకె లేదు. విషయసూచిక ప్రకారం ఇరవై నాలుగు పేజీలుండాలి. వేలు తడుపుకుని లెక్కపెట్టింది. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై మూడే.

"మాస్టారూ, ఇందులో ఆరో పేజీ లేదండీ" అంది.

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. "స్కాన్ చేసేటప్పుడు రెండు పేజీలు అతుక్కుని పోయుంటాయమ్మా. అంకెలు బాగానే ఉన్నాయిగా?"

"అంకెలు బాగానే ఉన్నాయి. మరీ బాగున్నాయి."

"అయితే వదిలెయ్. అన్నీ మనమే అనుమానిస్తే భవనాలు లేవవు" అని ఆయన మళ్ళీ తన లెక్కల్లో పడ్డాడు.

వదిలెయ్ అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అది ఆమె చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. బుర్ర నిండా అప్పటికే ఆడపడుచు ఉంది. పత్రం వచ్చింది ఆ ఫ్యాక్టరీ నుంచి. పలకలు అమ్ముడుపోతే పేరొచ్చేది ఆ అమ్మాయికి. పోయిందేమో సరిగ్గా ఆ ఒక్క పేజీ. అంచులు కూడా తెగ్గోశారంటే పొరపాటంటే ఎవరు నమ్ముతారు? పదేళ్ళ కిందటి మరక టీ చుక్క కావచ్చు, ఇది మాత్రం టీ చుక్క కాదు అనుకుంది.

ఆ ఆదివారం ఆడపడుచు అన్నయ్యను చూడ్డానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని కాఫీ ఇంకా నోట పెట్టలేదు, ప్రూఫక్క మొదలెట్టింది.

"మీ పలకల పత్రంలో మొత్తం ఎన్ని పేజీలమ్మా?"

"ఇరవయ్యో ముప్ఫయ్యో. ఏం వదినా?"

"ఇరవై నాలుగు. మాకొచ్చినవి ఇరవై మూడు. ఆరోది ఏమైంది?"

ఆడపడుచు కప్పు కింద పెట్టింది. "నన్నడుగుతావేంటి?"

"పంపింది మీరేగా మరి. తోచక అడుగుతున్నా. ఏ పేజీ ఉంటే మీకు ఇబ్బందో ఆ పేజీయే ఎట్లా పోయిందా అని."

"అంటే నేను చింపేశానా?"

"చింపావని అనలేదు."

"అననక్కర్లేదు వదినా, నీ మొహమే చెప్తోంది. అప్పుడు మా ఆయన సర్టిఫికెట్టు, ఇప్పుడు నా పత్రం. ఇంకేం మిగిలింది? నా బర్త్ సర్టిఫికెట్టు చూస్తావా? తెచ్చిస్తా, మీ అన్న చెల్లెల్నో కాదో తేల్చుకో."

"మా అన్న కాదు, మీ అన్న" అని ప్రూఫక్క అలవాటు కొద్దీ దిద్దింది.

ఆ దిద్దుడుతో నిప్పులో నూనె పోసినట్టయింది. ఆడపడుచు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. లిఫ్టు మెకానిక్కు ఇద్దరి మొహాలూ చూసి, చల్లారిపోతున్న కాఫీ తనే తాగేశాడు. "నువ్వు తప్పు మనిషిని పట్టుకున్నావేమో చూసుకో" అని మాత్రం అన్నాడు. ఆమె ఖాళీ కప్పు తీసుకుని వంటింట్లోకి నడిచింది. చెల్లెలు కదా, వెనకేసుకొస్తున్నాడు అనుకుంది.

సోమవారం ఆఫీసులో ఒక పూట సెలవడిగి ఆసుపత్రి కడుతున్న చోటికి వెళ్ళింది. అక్కడి స్టోర్ కీపరు ఆమెకు తగ్గవాడే. గుర్తింపు కార్డు చూపిస్తే, ఫొటోనీ మనిషినీ మూడుసార్లు పోల్చి చూశాడు.

"ఇందులో జుట్టు నల్లగా ఉందే?"

"తొమ్మిదేళ్ళ కిందటిది నాయనా."

"ఊఁ" అని నమ్మీ నమ్మనట్టు తాళం తీశాడు.

పలకలు కట్టలు కట్టలుగా, ప్లాస్టిక్కు చుట్టి, నడుమెత్తు పేర్చి ఉన్నాయి. పైకట్టల మీద చీటీలు చిరిగిపోయి ఉన్నాయి. ఆమె "ఇవెవరు చింపారు?" అంటే, "వాన చింపింది. వానకు కార్డుండదు కదా" అన్నాడు స్టోర్ కీపరు. అతనే ఒక కట్ట లాగి లోపలి చీటీ చూపించాడు. తయారైన చోటు దగ్గర ఈ శివారు ఫ్యాక్టరీ పేరు, తేదీ, బ్యాచి అంకె స్పష్టంగా ఉన్నాయి. దాచిపెట్టే ఉద్దేశం ఎవరికీ ఉన్నట్టు లేదు. ఆమె అది రాసుకుంది. సరుకు ఇక్కడిదే. ఇక పత్రం ఎక్కడిదో తేలాలి.

మర్నాడు అది కూడా తేలింది. సాయంత్రం భర్త ఒక కవరు తెచ్చి బల్ల మీద పడేశాడు. "చెల్లి ఇచ్చింది. నీ చేతికే ఇమ్మంది. మాట్లాడనంది."

కవర్లో పత్రం మొత్తం ఉంది. అంచులు తెగలేదు, ప్రతి పేజీకీ కింద అంకె ఉంది. ఆరో పేజీ తీసి చదివింది. రెండు ఫ్యాక్టరీల పేర్లున్నాయి, రెండూ సముద్రానికి అవతలివే. ఆ ప్రాంతంలో తయారైన సరుకుకే ప్రకటన చెల్లుతుందని రాసుంది. పత్రం పచ్చి నిజం. పలకలూ నిజం. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు.

పత్రం వెనక, రెండు నెలల కిందట ఆడపడుచు పంపిన మెయిలు ప్రింటు కూడా జత చేసి ఉంది. "మీరడిగారు కాబట్టి మా కంపెనీ ప్రకటన పంపుతున్నాను. ఇది అవతలి ఫ్యాక్టరీలది. ఇక్కడ మా ఫ్యాక్టరీలో చేసే పలకలకు వర్తించదు, ఆరో పేజీ చూడగలరు. మాకింకా సొంత ప్రకటన లేదు."

ప్రూఫక్క ఆ నాలుగు వాక్యాలూ దిద్దడానికేమైనా ఉందా అన్నట్టు పదిసార్లు చదివింది. ఒక్క అక్షరం తప్పు లేదు. తర్వాత కళ్ళు పైకి పోయాయి, మెయిలు ఎవరికి పంపారో ఉండే చోటికి. అక్కడ మాస్టారి పేరుంది.

ఆమె కాగితాలన్నీ వరసగా పేర్చి మళ్ళీ కవర్లో పెట్టింది. తలలో ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. స్కానర్ మాస్టారి బల్ల పక్కనే. అంచులు ఎంత రావాలో అందులో అమర్చడం ఆ ఆఫీసులో ఆయనొక్కడికే వచ్చు. వదిలెయ్ అన్న మాట. అయినా మనసొప్పుకోలేదు. మెయిలు ఇంకెవరైనా తెరిచారేమో, డైరెక్టరు గారు తీయించారేమో, ఆడపడుచే ఇప్పుడు కొత్తగా టైపు చేసి తెచ్చిందేమో అని కూడా ఒక నిమిషం అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున్న ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్ళింది. మాస్టారు వచ్చి సంచి తగిలించగానే కవరు ఆయన ముందు పెట్టింది. ఆయన తెరిచి, మెయిలు వరకూ చూసి, మూసేశాడు.

"నేనే తీశానమ్మా" అన్నాడు.

ఆమె ఏవేవో ప్రశ్నలు సిద్ధం చేసుకుని వచ్చింది. ఈ జవాబుకు ఏ ప్రశ్నా లేదు. చివరికి, "మీరా?" అంది.

"నేనే. కూర్చో, చెప్తాను. ఈ శివారు ఫ్యాక్టరీ పలక ఇక్కడికి లారీలో గంటలో వస్తుంది. జాతకం లేదు కాబట్టి సున్నా పాయింట్లు. అవతలి పలకకు జాతకముంది, రేపు ఓడెక్కించి తెప్పిస్తే పాయింట్లిస్తారు. నూనె తాగుతూ సముద్రం దాటొచ్చిన పలక పచ్చనిది, పక్కూరి పలక నల్లనిదా? నేను లెక్క కట్టాను. ఓడ పొగంతా కలిపితే రెండూ ఇంచుమించు సమానం. పేజీ ఉంటే ఆసుపత్రివాళ్ళు ఓడ పలకే తెప్పిస్తారు. అందుకని తీసేశా."

"ఇక్కడి ఫ్యాక్టరీ లెక్క మీకెలా తెలుసు? వాళ్ళ మీటర్లు చూశారా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అంచనా."

"అంచనా అయితే అంచనా అని రాయాలి కదండీ. మీరు చెప్పింది న్యాయంగానే ఉంది. ఆ న్యాయమే ఉత్తరంలో రాసి, దగ్గరి సరుకుకు మినహాయింపు ఇవ్వమని అడిగితే ఏం పోయేది? పేజీ తియ్యడమేంటి మాస్టారూ? మీరే కదా నాకు 'ఎక్కడ' అన్నది ముందు చూడమన్నారు?"

"నువ్వు చూస్తావనే భయపడ్డాను" అన్నాడాయన. "ఒక్క రోజు టైమివ్వు. నేనే డైరెక్టరు గారికి చెప్తాను."

సరేనంది. అని, తన బల్ల దగ్గరికొచ్చి ఆ కాగితాలన్నీ రెండేసి కాపీలు తీసి ఒకటి సంచిలో, ఒకటి భోజనం డబ్బా అడుగున పెట్టుకుంది. ఆ ఒక్క రోజులో ఆయన ఇంకేం తీసేస్తాడో ఎవరు చూశారు? నిన్నటిదాకా ప్రాణంగా నమ్మిన మనిషి మీద ఇవాళ ఇలా కాపలా కాయడం ఆమెకే నచ్చలేదు. కాని కాగితాలు డబ్బా అడుగునుంచి తీయలేదు.

ఆయన మాట తప్పలేదు. మధ్యాహ్నమే డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి గంటకు పైగా ఉన్నాడు. తర్వాత ఆమెనూ పిలిచారు.

"ఈ సంగతి మీకెంతకాలంగా తెలుసు?" అన్నారు డైరెక్టరు గారు. ఆమె నెత్తిన కూడా అనుమానం పడిందని అప్పుడర్థమైంది. అవతలి వైపు కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకు అదే మొదటిసారి తెలియడం.

"పోయిన వారం మంగళవారం నుంచి పేజీ లేదని తెలుసండీ. ఎవరు తీశారో నిన్న సాయంత్రం నుంచి."

"ఆ ఫ్యాక్టరీలో మీ బంధువు ఉందట కదా? ఇది ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సిందేనండీ" అని ఒప్పుకుంది. అది నిజంగా ఆమె తప్పే.

ఆ వారమే పేజీతో సహా పత్రం, దానితో మాస్టారు రాసిన ఉత్తరం గుర్తింపు సంస్థకు వెళ్ళాయి. దగ్గర్లో తయారైన సరుకు కాబట్టి ఈ ప్రకటనను వర్తింపజేయమని అడిగాడాయన. మూడు వారాలకు జవాబొచ్చింది. వేరే ప్రాంతపు ఫ్యాక్టరీల ప్రకటన ఈ పలకలకు చెల్లదు, అంచనాలకు పాయింట్లు లేవు అని. ఆసుపత్రికి రెండో శ్రేణి వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఓడ పలకలు తెప్పించలేదు. అప్పటికి సగం గోడలు లేచిపోయాయి. మాస్టారు రిటైరు కావడానికి ఇంకా ఏడు నెలలున్నా, ఆ నెలాఖరుకే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఆమె బల్ల దగ్గర ఆగి, "బాగా నేర్చుకున్నావు" అన్నాడు. మెచ్చుకోలో, దెప్పిపొడుపో ఆమెకు ఈనాటికీ తేలలేదు.

ఆడపడుచు ఇంటికి వెళ్ళడానికి మాత్రం ఆమెకు ఇంకో పది రోజులు పట్టింది. భర్త తోడొస్తానన్నాడు, వద్దంది. తలుపు తీసిన ఆడపడుచు లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు.

"తప్పు నాది" అంది ప్రూఫక్క గుమ్మంలోనే. "నువ్వు ముందే రాశావు, వర్తించదని. నేను అడక్కుండానే నిన్ను దొంగను చేశాను."

"అడిగావు వదినా. అడిగే తీరే బాలేదు."

"అవును."

"ఇంకా?"

"మీ ఆయన సర్టిఫికెట్టు విషయం కూడా తప్పే."

లోపల్నుంచి ఆ మొగుడు, "నాకేం బాధ లేదక్కా! ఆ కాలేజీకి మళ్ళీ వెళ్తే నా మార్కులు కూడా కనుక్కో, ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు" అని కేకేశాడు. ఆడపడుచుకు నవ్వొచ్చింది, ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. కుర్చీ చూపించింది. ముల్లు పూర్తిగా పోయిందని చెప్పలేం గానీ, ఆ పూట గుచ్చుకోలేదు.

ఆ శివారు ఫ్యాక్టరీ తర్వాత సొంత ప్రకటన తయారుచేయించడం మొదలుపెట్టింది. ఏడాది పాటు మీటర్లు చదివి, బొగ్గు తూచి, బయటివాళ్ళు వచ్చి చూసి తేల్చారు. వచ్చిన అంకె మాస్టారి అంచనా కంటే ఎక్కువే, ఆయన అనుకున్నంత సమానమేం కాదు. అలాగని అందరూ భయపడ్డంత ఘోరమూ కాదు. ఆ పత్రం ఆఫీసుకొచ్చినప్పుడు ప్రూఫక్క దాన్ని ముట్టుకోలేదు. "మా ఆడపడుచు ఫ్యాక్టరీది, ఇంకొకరు చూడండి" అని కాగితం మీద రాసిచ్చి పక్క బల్లకు పంపింది.

ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పని పని ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళలో మాస్టారు సరిచూసి పంపిన ఫైళ్ళు గోడ బీరువాలో నూట పన్నెండు ఉన్నాయి. భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక ఒక ఫైలు దించుతుంది. విషయసూచిక చూసి, వేలు తడుపుకుని, ఒక్కో పత్రంలో పేజీలు లెక్కపెడుతుంది. వాక్యాల కాళ్ళు చూస్తుంది. ఆసుపత్రిది ఒక్కటేనని ఆయన డైరెక్టరు గారి ముందు ఒట్టేసినట్టు చెప్పాడు. అది నిజమైతే బాగుండునని ఆమె కోరిక. నిజమని నమ్మేయడం మాత్రం ఆమె చేతుల్లో లేదు. ఒకసారి బస్‌స్టాపులో ఆయన కనిపించి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. ఆమె నొప్పులకు మందు చెప్పింది గానీ, ఫైళ్ళ సంగతి ఎత్తలేదు, ఆయన మొహంలోకి సూటిగా చూడలేదు.

నిన్నటికి అరవై నాలుగు ఫైళ్ళయ్యాయి. ఒక్క పేజీ కూడా తగ్గలేదు. ఇవాళ అరవై ఐదోది దించి, దుమ్ము దులిపి, మొదటి పత్రం తీసింది.